ఎడమవైపు కార్పెట్

దయ్యాలు లేవని ఇదివరకు అన్నాను. ఇప్పుడూ అంటున్నాను. ఇది చదివి తమ అభిప్రాయం మార్చుకున్నామని ఎవరైనా చెబితే నాకేమీ సంతోషం కలగదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

సిద్దిపేటలో మాకు బట్టల దుకాణం ఉంది. పెళ్ళయిన నాటి నుంచి నేనూ మా ఆయనా ఇద్దరం గద్దె మీదే కూర్చున్నాం. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో పుస్తకాలు చదువుకునేదాన్ని. మిగతా సమయమంతా గుడ్డను చేత్తో తడిమి చూడటమే పని. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుముందు తెలుస్తుంది.

మా ఆయనకు ఒక పాత స్పోర్ట్స్ కారు ఉండేది. రెండు తలుపులు, రెండే సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ టాప్. మన దేశంలోనే కొంతకాలం తయారుచేసి ఆపేసిన బండి. ఆయన కొనేనాటికే పాతది. బజారులో వాళ్ళు నవ్వారు.

"ఇద్దరే కూసునే కారెందుకు కొన్నవ్ సేటూ?" అని అడిగితే, "చుట్టాలను దింపొచ్చే పని తప్పుతదని" అనేవాడు.

మా దుకాణంలో గద్దె ఎక్కేముందు చెప్పులు విడుస్తాం. ఆయన కారు ఎక్కేముందు కూడా విడిచేవాడు. చెప్పులు సీటు వెనక పెట్టి ఉత్త కాళ్ళతోనే నడిపేవాడు. చిన్నప్పుడు చెట్టు మీంచి పడి ఆయన కుడికాలు విరిగింది. ఎముక సరిగా అతకలేదు. పాదం బయటికి తిరిగి ఉండేది. అడుగు వేస్తే మడమ లోపలి అంచు మీదే బరువంతా పడేది.

నాకు కారు నేర్పింది ఆయనే. చంద్లాపూర్ దగ్గర కట్ట కింది రోడ్డు మీద, పొద్దున్నే. ఆ కొద్ది వారాలు తప్ప ఆయన ఎప్పుడూ ఎడమ సీట్లో కూర్చోలేదు. కూర్చున్న ఆ కొద్ది రోజులూ కుడికాలితో కింద గట్టిగా తొక్కుతూనే ఉన్నాడు. అక్కడ బ్రేకు లేదు కదా.

"అక్కడేమున్నదని తొక్కుతున్నవ్?" అని ఒకరోజు విసుక్కున్నాను.

"బ్రేకు నీ దిక్కున్నది. పానం నా దిక్కున్నది" అన్నాడు.

నాకు లైసెన్సు వచ్చింది. లైసెన్సు ఇచ్చినవాళ్ళు నన్ను నమ్మారు. ఆయన నమ్మలేదు. పక్కన కూర్చున్న మనిషి కాలు చూస్తూ నడపడం ఇష్టం లేక మానేశాను.

పోయిన ఏడు ఎండాకాలంలో, పొద్దున, మా ఇంటి షెడ్డులో ఆ కారు డ్రైవరు సీట్లోనే ఆయన పోయాడు. డాష్‌బోర్డు తుడుస్తున్న గుడ్డ చేతిలో ఉంది. దవాఖానకు తీసుకుపోయాం. చేసేదేమీ లేదన్నారు.

మా పెద్ద ఆడబిడ్డ చింతమడకలో ఉంటుంది. ఆయనకంటే పెద్దది. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది. దహనం అయిన రోజే నన్ను పక్కకు పిలిచింది.

"మనిషి పోయిన జాగల పిండి చల్లి, దీపం పెట్టి, గంప బోర్లియ్యాలె శారదా. తెల్లారి అడుగులు చూడాలె."

మా వైపు ఈ ఆచారం ఉంది. పిండి మీద ఏ గుర్తు పడితే పోయినవాళ్ళు ఆ రూపంలో వచ్చి చూసి వెళ్ళారంటారు. పిట్ట కాళ్ళని ఒకరంటారు, పిల్లి అని ఒకరంటారు. పోయిన జాగ అంటే కారు. కారులో పిండి చల్లాలి.

నేను వద్దన్నాను. ఆయన పిల్లి అయ్యాడో పిట్ట అయ్యాడో పదిమంది కారులోకి వంగి చూసి తేల్చడం నాకు ఇష్టం లేదు.

"నీ సదువులు నీకుంచుకో" అంది వదినె. "పిండి సల్లనియ్యకపోతే ఆ కారన్న అమ్మెయ్. మనిషిని తిన్న బండి అది."

అమ్మనన్నాను.

"గట్లయితే గా కారు ఇంట్ల ఉన్నన్ని రోజులు నీ ఇంట్ల నేను మంచినీళ్ళు గూడ ముట్ట."

అన్న మాట మీద నిలబడే మనిషి ఆమె. దినాలకు వచ్చింది, వాకిట్లోనే కూర్చుంది, వెంట తెచ్చుకున్న సీసాలో నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. ఆయన తరఫున నాకు మిగిలిన మనిషి ఆమె ఒక్కతే. కారు ఉంచుకుంటే ఆమె ఉండదు. ఆమె కావాలంటే కారు ఉండొద్దు. నేను రెండూ వదలదల్చుకోలేదు.

ఆ వానాకాలం కారును కదిలించలేదు. షెడ్డు రేకు కారింది, కారు గుడ్డ టాపూ కారింది. ఒకరోజు తలుపు తీస్తే తడి గుడ్డ మురిగిన వాసన ముఖాన కొట్టింది. కార్పెట్ నల్లగా బూజు పట్టి ఉంది. తలుపుల లోపలి రెగ్జిన్ పొరలు పొరలుగా లేచింది. ఇట్లాగే వదిలేస్తే వదినె మాటే నెగ్గుతుందనిపించింది. మనుషులు చెబితే అమ్మనిదాన్ని బూజు చెబితే అమ్మాలా?

బస్టాండు వెనక సీటు కవర్లు కుట్టే ఖాజాకు కబురు పెట్టాను. మాటకారి. పని మా షెడ్డులోనే చేశాడు. సీట్లు విప్పి బయట పెట్టాడు. పాత కార్పెట్ ఊడదీసి, దాన్నే కొలతకు కింద పరిచి కొత్తది కత్తిరించాడు. తుప్పు గీకి రంగు వేశాడు. తలుపులకు కొత్త రెగ్జిన్, గేరు కింద తోలు తిత్తి, పగిలిన ప్లాస్టిక్ పట్టీల జాగలో కొత్త పట్టీలు. పాత కార్పెట్‌ను ఊరి పొలిమేర దాటించి పారేయమని వదినె ఫోన్‌లో చెప్పించింది. నేను మున్సిపాలిటీ చెత్త బండిలో వేయించాను.

"రబ్బరు షీటు ఏస్తనమ్మా, నీళ్ళు గొట్టి కడుక్కోవచ్చు" అన్నాడు ఖాజా. నేను ఒప్పుకోలేదు. ముదురు నీలం రంగు, మఖ్మల్ లాగా నూగున్న కార్పెట్ తెప్పించాను. బండికి మొదట ఉన్నదీ ఆ రకమే.

పని అయిపోయిందని పిలిచాడు. చూడగానే తేడా తెలిసింది. కుడివైపు ముదురుగా, ఎడమవైపు లేతగా కనబడుతోంది. గుడ్డ ఒకటే. ముక్క కలిసి రావాలని ఎడమవైపుది తిప్పి కత్తిరించాడు. నూగు ఎదురు తిరిగి రంగు లేతగా కొట్టింది. మఖ్మల్ అమ్మేవాళ్ళకు ఇది మొదటి పాఠం.

"కాళ్ళ కాడ ఎవరు చూస్తరమ్మా?" అన్నాడు.

"నేను చూస్తా" అన్నాను.

గొణుక్కుంటూ ఎడమవైపు మొత్తం పీకి, కొత్త ముక్క కత్తిరించి, సొల్యూషన్ పూసి మళ్ళీ అతికించాడు. అందుకే ఆ ఎడమవైపు గురించి అంత నమ్మకంగా చెప్పగలను. దాన్ని నేను దగ్గర నిలబడి పరిపించాను. ఖాజా వెళ్ళాక దుకాణంలో మఖ్మల్‌కు వాడే బ్రష్షుతో నూగంతా ముందుకు దువ్వాను. జిగురు ఆరేదాకా కారు తాళం నా దగ్గరే ఉంది. ఆ వైపు ఎవరూ కాలు పెట్టలేదు.

తర్వాత ఒక ఆదివారం పొద్దున ఒక్కదాన్నే చంద్లాపూర్ వైపు తీసుకుపోయాను. పక్క సీటు ఖాళీ. సంచి సీటు వెనక ఉంది. ఒక మలుపులో వడ్ల బస్తాల ట్రాక్టరు అడ్డంగా వచ్చింది. గట్టిగా బ్రేకు తొక్కాను. కారు ఆగింది. ట్రాక్టరు నడిపే ఆయన నన్ను చూసి నోరు తెరిచాడు, ఆడమనిషి అనో, కారును చూసో. తిరిగి వచ్చేశాను.

ఇంటికొచ్చి దుమ్ము దులుపుదామని ఎడమ తలుపు తీశాను. కార్పెట్ మీద పాదం గుర్తు ఉంది.

ఒక్కటే, కుడి పాదం. ఉత్త కాలు. వేళ్ళు విడివిడిగా తెలుస్తున్నాయి. పాదం బయటికి తిరిగి ఉంది. మడమ లోపలి అంచు లోతుగా దిగి ఉంది.

వంగి, వేలితో దాని అంచు తడిమి చూశాను. తర్వాత బ్రష్షు తెచ్చి దువ్వేశాను. జిగురు ఆరుతూ లాగి ఉంటుంది అనుకున్నాను. నేను అట్లాంటి కారణాలు వెతికే మనిషిని, వెతకడం తప్పనుకోను.

తర్వాత రెండు మూడుసార్లు ఊళ్ళోనే మెల్లగా తిప్పాను. ఏమీ లేదు. ప్రజ్ఞాపూర్ దాకా హైవే మీద వెళ్ళాను. వెళ్ళేటప్పుడు ఏమీ లేదు. అక్కడ చాయ్ తాగేటప్పుడు తలుపు తీసి చూశాను. వచ్చేటప్పుడు ఒక బైకు అడ్డం వచ్చింది, గట్టిగా బ్రేకు వేశాను. పక్కకు ఆపి చూస్తే అదే జాగలో అదే గుర్తు. గట్టిగా బ్రేకు వేస్తేనే వస్తుంది. లేకపోతే రాదు.

నా కాలే అనుకోవడానికి లేదు. మధ్యలో గేరు ఉన్న గట్టు అడ్డం. చెప్పులు విడిచి ఎడమ సీట్లో కూర్చుని తొక్కి చూశాను. నా గుర్తు చిన్నది, తిన్నగా పడింది. నూగు పైపైన వంగింది. అంత లోతు రావాలంటే సీటు రెండు చేతులా పట్టుకుని బలమంతా పెట్టాల్సి వచ్చింది.

భయపడ్డావా అని అడుగుతారు. లేదు. కోపం వచ్చింది. బతికినన్నాళ్ళూ నా నడపడం మీద నమ్మకం లేదు, ఇప్పుడూ లేదా? షెడ్డులో ఒక్కదాన్నే నిలబడి ఆ మాట పైకే అన్నాను.  జవాబు రాదని తెలిసే అన్నాను.

ఖాజాను పిలిచాను. కారణం చెప్పకుండా గుర్తు చూపించాను.

"మీరే కాలు పెట్టిన్రేమోనమ్మా." వంగి చూశాడు. తన కాలు చూసుకున్నాడు. అంచు లేపాడు. కార్పెట్ కింద మెత్తదనానికి వేసిన మందపాటి ఫెల్టులో కూడా మడమ జాగలో గుంట పడి ఉంది. గుంటలో వేలు పెట్టి లోతు చూసుకున్నాడు. ఫెల్టు మార్చాడు.

"ఒక రబ్బరు మ్యాట్ ఏసుకోండ్రమ్మా. నేనే తెచ్చిస్త. పైసలియ్యకుండ్రి. కనబడదు."

"కనబడకపోతే లేనట్టేనా?"

"నాకైతే గంతే సాలు" అని సామాను సర్దుకున్నాడు.

ఏడాది దగ్గర పడింది. సంవత్సరీకానికి వదినెను పిలవాలి. ఫోన్‌లో పిలవొచ్చు, మనిషిని పంపొచ్చు. నేను కారులోనే చింతమడక పోయాను. ఎవరు ఏమనుకున్నా సరే అనుకున్నాను. దారిలో మేకలు అడ్డం వచ్చాయి. గట్టిగా బ్రేకు వేశాను.

వదినె వాకిట్లో నిలబడి కారును చూసింది. ముఖం తిప్పుకుంది.

"దీన్ల ఎక్కుమని వచ్చినవా?"

"అవును. ఎక్కేముందు ఒకటి చూడు" అని ఎడమ తలుపు తీశాను.

ఆమె వంగింది.  ఆ కాలు విరిగినప్పుడు నూనె రాసి కట్టు కట్టిన చేతులు ఆమెవి. చెయ్యి చాపి, గుర్తును ముట్టుకోకుండా దాని పైన ఆపింది.

"గిది మావోని కాలే" అంది. తర్వాత గొంతు మార్చి, "పంపియ్యాలె శారదా. అయ్యగారిని పిలిపిస్త. పట్టుకొని కూసోవద్దు" అంది.

"నేను పట్టుకోలేదు. కారు నడుపుతున్న. అంతే."

ఆమె చూస్తుండగానే బ్రష్షు తీసి గుర్తును దువ్వేశాను. నేలంతా ఒకే నీలం అయ్యింది. "ఇప్పుడు ఎక్కు. ఏముంటదో నువ్వే చూడు" అన్నాను.

ఎక్కదనుకున్నాను. చెప్పులు విడిచింది. వాటిని చేత్తో పట్టుకుని, కాళ్ళు కింద ఆనించకుండానే సీటు మీదికి జరిగి, దుకాణంలో గద్దె మీద కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇరుకు సీటు, పెద్ద శరీరం. సిద్దిపేట దాకా కాళ్ళు కింద పెట్టలేదు. ఆ గుర్తు పడ్డ జాగను తొక్కవద్దని ఆమె, దయ్యమని ఒప్పుకోవద్దని నేను. 

ఊరు దగ్గర పడ్డాక ఒక ఆటో అడ్డంగా తిరిగింది. గట్టిగా తొక్కాను. వదినె డాష్‌బోర్డు పట్టుకుంది.

"సంపుతవా ఏంది పిల్లా! మెల్లగ పోనియ్యి. వాడెందుకు తొక్కడు మరి!"

ఆ మాట అన్నాక తానే ఆగింది. నేను కింద చూడలేదు, రోడ్డు చూశాను. ఆమె చూసింది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. తర్వాత ఏడ్చింది.

షెడ్డులో ఆపి ఆ వైపు వచ్చి చూశాను. గుర్తు ఉంది. వదినె కాళ్ళు ఇంకా సీటు మీదే ఉన్నాయి.

"పిండి సల్లనియ్యకపోతివి. అయినా అడుగు పడనే పడ్డది" అంది ఆమె. ఇంట్లోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, నీళ్ళు అడిగి తాగింది. పంపించే మాట ఆ రోజు మళ్ళీ ఎత్తలేదు. సంవత్సరీకం అయ్యాక కూడా ఎత్తలేదు.

అది ఎట్లా పడుతుందో నాకు తెలియదు. తెలిసిందని అబద్ధం చెప్పను, తెలియదు కాబట్టి దయ్యం అని కూడా ఒప్పుకోను. గుడ్డ గురించి నాకు తెలిసినదేదీ దీనికి సరిపోలేదు. ఎవరికైనా అనుమానం ఉంటే వచ్చి ఎడమ సీట్లో కూర్చోవచ్చు. చెప్పులు విడవాలి, వదినెలాగా కాళ్ళు పైన పెట్టుకోవాలి.

మొన్న ఖాజా అడగకుండానే రెండు రబ్బరు మ్యాట్లు తెచ్చిచ్చాడు. కుడివైపుది నా కాళ్ళ కింద వేసుకున్నాను. ఎడమవైపుది వెనక్కి ఇచ్చేశాను. బ్రేకు నా దిక్కే ఉంది. ఎప్పుడు తొక్కాలో నాకు తెలుసు.