ఊడ్పుల పాటలో సగం

ఏళ్ల తరబడి నా తలలో ఒకే పాట తిరుగుతోంది. ఇంట్లోవాళ్లు నవ్వారు, డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. ఏ పాట అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగింది అనకాపల్లి బస్టాండులో మాడుగుల బస్సు కోసం నా పక్కన కూర్చున్న ఒక ముసలామె.

"ఏటి బాబూ, అలగ గొణుగుతన్నావు? గట్టిగా పాడు."

చిన్నప్పుడు మా పొలంలో నాట్లు వేసేవాళ్ల నోట విన్న ముక్క పాడాను: "ఏరు దాటి ఎల్లినోడు ఏటి తెత్తాడే?"

"ఊడ్పుల పాట! ఇది అడిగే వరస బాబూ. అవతల వరసోళ్లు బదులు పాడేదాకా ఊరుకోదు."

"ఆ బదులేమిటమ్మా?"

"ఊరికో బదులు. మీ ఊరోళ్లనడుగు, నన్నేటి అడుగుతావు?" అంటూ బస్సెక్కేసింది.

ఆనాడు అవతలి వరసలో పాడింది మా మేనత్త. మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ నవ్వి పెట్టేసింది. అత్తా, ఈసారి నవ్వకు. వాడేం తెచ్చాడో చెప్పు.