కొట్టు మూసిన ఒక్క రోజు

మా పిన్ని మెట్ల కింద గదిలో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. వీధి మొత్తానికీ ఇస్త్రీ అక్క. ఆవిడ గురించి నెమ్మదిగా చెప్పడం నా వల్ల కాదు. ఆ వీధి మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

బాబాయి ప్రెస్సులో కాగితాలు కత్తిరించే మిషను దగ్గర పనిచేస్తాడు. మంచివాడు, నవ్విస్తాడు, పిన్నంటే ప్రాణం. కానీ బస్టాపుకీ ఇంటికీ మధ్య మందు కొట్టుంది. ఇంకో దారి లేదు. ఒకరోజు ముందురోజు తాగింది దిగక, చెయ్యి వణికి, చూపుడు వేలి కొస మిషను కింద తెగిపోయింది. ఇంకోసారి తాగి వస్తే పనిలోకి రానివ్వనని యజమాని తేల్చి చెప్పేశాడు.

"నువ్వెంత తిట్టినా లాభం లేదే," అన్నాడు బాబాయి వేలి కట్టు చూసుకుంటూ. "కొట్టు కనబడితే కాళ్ళు అటే లాగుతాయి. అది లేకపోతే మానేస్తా. ఒట్టు."

పిన్ని ఆ మాట పట్టుకుంది. సరిగ్గా అప్పుడే మా వార్డులో మద్యం అమ్మాలా వద్దా అని ఓటు పెడుతున్నట్టు ప్రకటన వచ్చింది. అయితే ఒక మెలిక ఉంది. ఓటర్లలో సగం మందైనా రాకపోతే ఆ ఓటు చెల్లదు, కొట్టు అలాగే ఉంటుంది.

"సగమేం ఖర్మ, వీధి వీధంతా వస్తుంది చూడు," అంది పిన్ని.

ఉపన్యాసాలు ఇవ్వడం ఆవిడకు చేతకాదు. చేతనైంది ఇస్త్రీ. మడతపెట్టిన ప్రతి చొక్కా జేబులో, వచ్చి మందు వద్దని ఓటెయ్యమని ఒక కరపత్రం పెట్టేది. ఆ కాగితాలు కత్తిరించి తెచ్చింది బాబాయే. ఆఫీసు నుంచి వచ్చాక నేనూ పిన్ని వెంట ఇల్లిల్లూ తిరిగేదాన్ని. ఒకాయన మందు కొట్లో డబ్బులు తీయబోతే కరపత్రం కింద పడిందట. ఆయన దాన్ని శ్రద్ధగా చదివి, మళ్ళీ జేబులో పెట్టుకుని, సీసా పట్టుకుని ఇంటికెళ్ళాడట. పిన్ని పడీ పడీ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ఏ గడప ఎక్కినా ఒకటే మాట. "తప్పకుండా వస్తాం అక్కా, ఈ దరిద్రం వదిలిపోవాలి." ఎదురింటి టీచరమ్మ అయితే పిన్ని చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, మొదటి ఓటు నాదేనంది. కాదన్నవాళ్ళతో పోట్లాడొచ్చు. అందరూ ఔనంటూ ఉంటే ఎవరితో పోట్లాడతాం?

మందు కొట్టాయన చొక్కాలు కూడా పిన్నే ఇస్త్రీ చేస్తుంది. వాటి జేబుల్లోనూ కరపత్రాలు పెట్టింది. "బాగా తిరుగుతున్నావక్కా, ఎండలో జాగ్రత్త," అన్నాడాయన. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. తను మాత్రం ఓట్ల కోసం ఒక్క ఇంటికీ వెళ్ళలేదు. ఓటింగు రోజు మందు అమ్మకూడదని నిబంధన. అందుకని ముందురోజు కొట్టు ముందు ఒక బోర్డు పెట్టాడు: రేపు సెలవు, కావలసినవారు ఈరోజే తీసుకెళ్ళండి.

సాయంత్రానికి లైను మలుపు దాటింది. ఒక్కరోజు కరువుకి వారానికి సరిపడా కొనుక్కున్నారు మహానుభావులు. బాబాయి పనికి సెలవు పెట్టి, బయట తాళం వెయ్యమని పిన్నితో చెప్పి గదిలో పడుకున్నాడు.

మర్నాడు మేం తలుపులు కొట్టడం మొదలుపెట్టాం. మగవాళ్ళు పొద్దున్నే ఇళ్ళలో సీసాలు తెరిచేశారు. టీచరమ్మ తలుపు ఓరగా తీసింది. "ఆయన అప్పుడే మొదలెట్టారక్కా. పిల్లల్ని వదిలి ఎలా రాను? కాస్త ఆగి వస్తా." పిల్లల్ని మేం చూసుకుంటామని పిన్ని బతిమాలింది. లోపల ఏదో పగిలిన చప్పుడైంది. తలుపు మూసుకుంది. పక్కింట్లో అదే కథ, ఆ పక్కింట్లోనూ అంతే.

బాబాయి మాత్రం పిన్ని తాళం తియ్యగానే ఓటెయ్యడానికి వచ్చాడు. శుభ్రంగా స్నానం చేసి, పిన్ని ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, వణుకుతూనే వచ్చాడు. సిరా పెట్టే గుమాస్తా కొస లేని వేలు చూసి తటపటాయిస్తే, "దానికే పెట్టండి సార్," అన్నాడు.

సగం మంది రాలేదు. ఓట్ల పెట్టెలు తెరవనే లేదు. తెల్లారి కొట్టు షట్టరు మామూలుగా లేచింది.

"అయ్యో అక్కా, మళ్ళీ పెడితే మాత్రం తప్పకుండా వస్తా," అంది టీచరమ్మ.

"మళ్ళీ ఎవరు పెడతారండీ? నిన్న రావాల్సింది!" అన్నాను. పిన్ని నన్ను పక్కకి లాగింది. "ఊరుకోవే. ఆ ఇంట్లో ఏం జరిగిందో విన్నావుగా." విన్నాను. అయినా కోపం పోలేదు.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం పిన్ని ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి బస్టాపుకి వెళ్తోంది. బాబాయి మణికట్టు పట్టుకుని కొట్టు దాటించి ఇంటికి తీసుకొస్తోంది. వార్డంతా కలిసి చెయ్యాల్సిన పని ఆవిడొక్కతే చేస్తోంది.

మొన్న ఇస్త్రీ పని ఎక్కువై పిన్నికి ఆలస్యమైంది. గుర్తొచ్చేసరికి చీకటి పడింది. పిన్ని పరుగు, వెనక నేను. బాబాయి స్టాపులో బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఎంతసేపైంది దిగి? ఇంటికి వచ్చెయ్యొచ్చుగా!" అంది పిన్ని.

"కొట్టు తెరిచే ఉందే," అన్నాడు.

పిన్ని అతని మణికట్టు పట్టుకుని లేపింది. కొట్టుకీ బాబాయికీ మధ్య అడ్డంగా నేను నడిచాను.