లిండానిని పిలుచుకు రావడం

"...అందుకే పిల్లని వద్దన్నాను. మనం వచ్చింది పిట్టల్ని చూడ్డానికా, వాణ్ణి తీసుకెళ్ళడానికా, వదినా?"

"రెంటికీ," అంది మాడ్లోమో. "పిట్టల్ని చూపిస్తానని వాడు దీనికి మాటిచ్చాడు. ఆ మాట ఇక్కడే వదిలేసి రమ్మంటే వస్తాడా?"

"నీతో మాట్లాడి గెలిచినవాడెవడు? కాసేపట్లో ఎలాగూ నోరు మూసుకోవాలి. అప్పటిదాకా కానియ్."

"నేను మూసుకుంటే నీకు పండగేలే, డుమెజ్వేని."

మరిది నవ్వలేదు. ఆవిడ మనవరాలు ఖేతివే చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. దానికి ఆరేళ్ళు.

డర్బన్ ఊరి ఉత్తరపు కొసన, రెల్లు మూసేసిన కుంట పైనున్న గడ్డి వాలు మీద జనం అప్పటికే మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పొద్దుగూకే వేళకి వానకోవెల పిట్టలు ఆ రెల్లులో దిగుతాయి. మాడ్లోమో కొడుకు లిండాని ఐదేళ్ళు ఇక్కడే కార్లకి కాపలా కాశాడు. ఆదివారం ఆదివారం కూతురికి ఫోన్లో ఈ పిట్టల కబుర్లే చెప్పేవాడు. పోయిన మార్చిలో రోడ్డు మలుపులో చెరకు లారీ గుద్దింది. మార్చురీనుంచి నేరుగా కొండల్లో ఉన్న ఇంటికి తీసుకొచ్చి పూడ్చారు. శవమైతే వచ్చింది. పడిపోయిన చోటికి వెళ్ళి అతని ఆత్మని పిలుచుకు వచ్చినవాళ్ళు మాత్రం లేరు.

అప్పట్నుంచి తల్లి కలలో ఇంటి పశువుల దొడ్డి బయట నిలబడుతున్నాడు. లోపలికి రాడు. "దారి తెలీడం లేదమ్మా," అంటాడు.

మేలో ఆవిడ ఒకసారి వచ్చింది. మలుపులో రేగుముళ్ళ కొమ్మ నేలకి తాకించి, పేరు పెట్టి లేపి, అతన్ని కొమ్మ మీద ఎక్కించుకుని బయల్దేరింది. కొమ్మ పట్టుకున్న మనిషి ఇల్లు చేరేదాకా పోయినవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు. టాక్సీ వ్యానులో అతనికీ ఒక సీటు తీసుకున్నారు. సగం దారిలో ఎక్కిన ఒకావిడ, "ఇక్కడెవరైనా ఉన్నారా?" అని అడిగింది. "మా అబ్బాయున్నాడమ్మా," అనేసింది మాడ్లోమో. ముప్పై ఏళ్ళు హోటలు దుప్పట్లు ఉతికిన చోట, యంత్రాల మోత మీద కబుర్లు చెప్పిన నోరు అది. అడిగినవాళ్ళకి జవాబివ్వకపోవడం దానికి రాదు.

ఇంకొక్కసారికి పెద్దలు ఒప్పుకున్నారు. ఈసారీ తప్పితే ఇక పిలవొద్దన్నారు. మాటిమాటికీ లేపి దారిలో వదిలేస్తే వాడు మనల్ని నమ్మడన్నారు.

ఇవాళ మళ్ళీ ఆ మలుపుకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని కొమ్మ తాకించింది. "లిండానీ, అమ్మని. లే నాన్నా, ఇంటికెళ్దాం." రెండు చేతులా కొమ్మ పట్టుకుని లేచి, వాలు మీదికి వచ్చి నిలబడింది. పక్క కుర్చీలో ముసలావిడ బిస్కెట్ల డబ్బా చాపి, "తీసుకోమ్మా," అంది. మాడ్లోమో తల తిప్పేసుకుంది.

"ఇవాళ ఆవిడ మాట్లాడదండీ," అన్నాడు డుమెజ్వేని, తను రెండు తీసుకుని.

ముందు చుక్కల్లా వచ్చాయి. తర్వాత పొగలా. ఆకాశం ఒక పక్క నల్లబడి, తిరిగి, వంగి రెల్లు మీదికి దిగుతోంది. అందరి తలలూ పైకే.

"చూడరా, నీ పిట్టలు," అంది మాడ్లోమో కొమ్మతో, మెల్లగా. "నీ కూతురు పక్కనే..."

పక్కన లేదు. చేతులు చాపుకుని పిట్టల వెంట వాలు దిగి పరుగెత్తుతోంది. వాలు కింద రెల్లు. రెల్లు కింద లోతు తెలియని నల్లటి నీళ్ళు.

మోచేత్తో మరిదిని పొడిచింది. "చూస్తున్నా వదినా, చూస్తున్నా," అన్నాడు నోరు తెరుచుకుని, పైకి చూస్తూనే. ఆవిడ మోకాళ్ళు పరిగెత్తే మోకాళ్ళు కావు.

"లిండానీ, నీ కూతుర్ని ఆపరా! ఆపు నాన్నా!"

పోయినవాడితో మాటలేననుకుని డుమెజ్వేని కిందికి చూడలేదు. ఖేతివే ఆగలేదు. రెల్లు తోసుకుని లోపలికి వెళ్ళింది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఇంకో అడుగు వేసింది. నడుం దాకా.

"ఖేతివే!"

వాలు మీది జనమంతా వెనక్కి తిరిగారు. నీళ్ళలో పిల్ల ఆగిపోయి నాయనమ్మకేసి చూసింది. డుమెజ్వేని అప్పుడు పరుగెత్తాడు.

పిట్టలన్నీ దిగిపోయాయి. జనం కుర్చీలు మడుస్తున్నారు. తడి పిల్లని భుజాన వేసుకుని డుమెజ్వేని పైకొచ్చాడు. రొప్పుతున్నాడు.

"చెయ్యి నేనే వదిలేశాను," అన్నాడు. గొంతు తగ్గించాడు. "ఇంట్లో చెప్పొద్దు వదినా. మనవాళ్ళెవరూ లేరిక్కడ. ఎవరు విన్నారు?"

"వాడు విన్నాడు."

కొమ్మ ఆవిడ చేతుల్లోనే ఉంది. మలుపు వైపు నడిచింది. డుమెజ్వేని వెనకే వచ్చాడు.

"ఇంటికి ఫోన్ చేసి, వాడి రాకకని కట్టేసిన మేకని కొయ్యొద్దని చెప్పు," అంది. "పిల్లని తీసుకుని నువ్వు టాక్సీ ఎక్కు. వాడు మళ్ళీ లేచేదాకా నేనిక్కడే ఉంటాను."