ఎనిమిది బోల్టులు, ఒక్క స్పానరు

మా బావ వడ్రంగి. నలభై ఏళ్లలో అతను చేసిన ఏ మంచానికీ ఇనుము తగల్లేదు. పట్టె కొసను నాలుకలాంటి కుసిగా చెక్కి, మంచంకోడుకు తొలిచిన బెజ్జంలో దించి, జిగురు పూసి, అడ్డంగా కర్రచీల కొట్టేవాడు. "మనిషి కదలొచ్చుగానీ మంచం కదలకూడదురా" అనేవాడు. ఆ మాటే చివరికి అతని మెడకు చుట్టుకుంది.

సొంతానికని చేసుకున్న మంచాన్ని అద్దెగది లోపలే కూర్చి బిగించాడు. ఊరందరి గుమ్మాలూ కొలిచినవాడు తన గుమ్మం కొలవలేదు. ఇల్లు ఖాళీ చేసిన రోజు నిలువుగా తిప్పాం, ఏటవాలుగా తిప్పాం, అది బయటికి రాలేదు. బండివాడు గుమ్మంలో నిలబడి తొందరపెడుతుంటే, బావ రంపం తెచ్చి పట్టెలు రెండూ కోసేశాడు. కోస్తున్నంతసేపూ ఎవరి ముఖమూ చూడలేదు.

అప్పటినుంచీ మొగుడూ పెళ్లాలకు నేలమీదే పరుపు. ఇప్పుడు అక్క మోకాళ్లు అరిగిపోయాయి. పొద్దున్నే లేవాలంటే గోడ పట్టుకుని, ఆగి, మళ్లీ పట్టుకుని లేవాలి. ఆమె చెయ్యి ఆనేచోట సున్నం నల్లబడింది. ఇప్పుడుంటున్న గది మేడమీద ఉంది. మెట్లు ఇరుకు, మధ్యలో మలుపు. ముక్కలుగా ఎక్కించి పైన బిగించే మంచమైతేనే అక్కడికి చేరుతుంది.

ఇనుప సామాన్ల దుకాణానికి బావతో నేనూ వెళ్లాను. దుకాణం ఆయన నవ్వాడు.

"ఏం మేస్త్రీ, కోడల్ని ఎంచుకుంటున్నావా? ఇది నాలుగోసారి రావడం."

"కోడలైతే ఎంచుకున్నాక నోరుమూసుకోవచ్చు. ఇది మంచం. రోజూ దానిమీద పడుకోవాలి."

ఆయన కొక్కేల ప్లేటు జత బల్లమీద పెట్టాడు. ఒకటి కోడుకి, ఒకటి పట్టెకి బిగించి పైనుంచి దించితే చాలు, పట్టుకుంటుందట. బావ దాన్ని తిప్పి చూశాడు.

"పట్టె కొసలో స్క్రూకి పట్టుండదు. చెక్క పీచు వెంటే దిగి, పీచు వెంటే ఊడొస్తుంది. ఏడాది తిరక్కుండా ఒత్తిగిలితే కీచుమంటుంది. మా ఇంటామెకు అసలే నిద్ర పలచన."

"అయితే బోల్టులు తీసుకో. పట్టెకి లోపలివైపు గూడు తొలిచి నట్టు కూర్చోబెట్టు, కోడు బయటినుంచి బోల్టు దూర్చి బిగించు. లూజైతే మళ్లీ తిప్పుకుంటావు."

బావ కొక్కేల ప్లేటును పక్కకు నెట్టాడు. బోల్టులు మంచివని అతనికి మొదటిరోజే తెలుసు. ఆ సంగతి నాకూ తెలుసు. వాళ్ల గదిలో గోనెసంచి కింద నాలుగు చెక్కముక్కలు చూశాను. జిగురు లేకుండా, కావలసినప్పుడు చీల తీసి విడదీసేలా కుసి చెయ్యాలని ప్రయత్నించాడు. నాలుగూ వదులే. చేయి వణికినచోట ఉలి కాస్త ఎక్కువ తినేసింది.

"సరే, ఎనిమిది ఇవ్వు," అన్నాడు ఉన్నట్టుండి.

దుకాణం ఆయన డబ్బా వెతికి ఆరు తీశాడు. మిగతా రెండిటి తల కాస్త పెద్దది.

"ఎనిమిదీ ఒకే తలవి కావాలి."

"రెండు స్పానర్లు పెట్టుకుంటే పోయేదానికి..."

"ఒక్కటే ఉండాలి."

ఆ రెండు బోల్టుల కోసం ఎండలో ఇంకో మూడు దుకాణాలు తిరిగాం. మూడోదాని మెట్టుమీద బావ కూలబడ్డాడు. "ఏంటి బావా ఈ పట్టుదల?" అంటే, "కాళ్లు నొప్పులురా, మాట్లాడించకు" అన్నాడు. లోపలికి నేనే వెళ్లి అడిగాను. దొరికాయి.

బెజ్జాలు వేయడానికి, గూళ్లు తొలచడానికి అతనికి ఆరు రోజులు పట్టింది. "నీ మంచం అయ్యేలోపు నేను నేలలోనే మొలకెత్తేలా ఉన్నాను" అని అక్క సణుగుతూనే ఉంది. ఏడోరోజు పొద్దున ముక్కలన్నీ మేడమీదికి ఎక్కించాం. కోళ్లు నిలబెట్టి, పట్టెలు ఆనించి, ఏడు బోల్టులు బిగించాక బావ ఆగి, స్పానరు అక్క ముందుకు చాపాడు.

"ఇది నువ్వు బిగించు."

"నువ్వుండగా నాకెందుకయ్యా?"

"నేను పనికి పోయినప్పుడు లూజైతే?"

"నీకిప్పుడు పనెక్కడుంది?"

అతను స్పానరు ఇంకాస్త దగ్గరికి జరిపాడు. అక్క అతనికేసి కాసేపు చూసి, కొంగు బొడ్లో దోపుకుని స్పానరు అందుకుంది. మొదటి రెండు తిప్పులూ విప్పేవైపు తిప్పింది. తప్పు తనకే తెలిసి మార్చుకుని, చివరికి పళ్లు బిగబట్టి తిప్పింది.

"ఇంక తిరగడం లేదు."

"అయితే ఏదీ, విప్పు. విప్పి మళ్లీ బిగించు."

విప్పింది, బిగించింది. బావ తలాపు పట్టెకు లోపలివైపు చిన్న మేకు కొట్టి స్పానరు అక్కడ తగిలించాడు. మేం పైన చెక్కలు పరిచి పరుపూ దిండ్లూ వేశాక, నేలమీద కూర్చుని కోడుకు చెవి ఆనించాడు.

"ఊ, కూర్చో."

అక్క మంచం అంచున కూర్చుంది. గోడవైపు చెయ్యి చాపబోయి, వెనక్కి తీసుకుని, రెండు చేతులూ పట్టెమీద ఆనించి లేచింది. మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. ఎక్కడా కిర్రుమనలేదు.

"ఏమయ్యా, వినిపించిందా ఏమన్నా?"

వంగి చూస్తే, కోడుకు తల ఆనించి నేలమీదే సన్నగా గురక పెడుతున్నాడు బావ.

"చూశావురా," అంది అక్క గొంతు తగ్గించి, "ఇంత చేసీ నేలమీదే పడుకున్నాడు." మంచం మీది దిండు తీసి అతని తలకింద పెట్టడానికి వంగింది. ఒక చెయ్యి పట్టెమీదే ఉంచింది.