ఎస్తేరక్క గిన్నె

ఏళ్ల తరబడి ఒక చిన్న స్టీలు గిన్నెను మోస్తున్నాను. గిన్నె అంత బరువా అని మీరడిగితే ఏం చెప్పను? చేత్తో దించుకునే బరువైతే ఎప్పుడో దించేసేదాన్ని. మా ఆయనకు తెలియదు, పిల్లలకు తెలియదు. మీకే మొదటిసారి చెబుతున్నాను.

మాది మానుకోటలో కిరాణా దుకాణం. బోర్డు మీద మహబూబాబాద్ అని రాసుకున్నా నోటికి మానుకోటే. ముందు దుకాణం, వెనక ఇల్లు. బియ్యం బస్తాలకు కాపలాగా మా మామగారు ఒక పిల్లిని పెంచారు. దాని పేరు బుడ్డి. అత్తగారు పోయాక ఆయన నోరు విప్పి మాట్లాడింది దానితోనే. అది ఒళ్లో కూర్చుంటే తప్ప పేపరు కూడా తెరిచేవారు కాదు.

ఒక ఎండాకాలం మొదట్లో బుడ్డికి కడుపు చెడింది. తిన్నదంతా కక్కేది. బస్తాల సందుల్లో విరేచనాలు. కడిగీ కడిగీ నా నడుం పడిపోయింది. విసుక్కున్నాను కూడా, అబద్ధమెందుకు? మామగారు దాన్ని తువ్వాలులో చుట్టుకొని పశువుల దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు ఏదో పొడి మందిచ్చి, పాలు పూర్తిగా బంద్ చేయమన్నాడు. ఉప్పూ కారం లేకుండా కోడిమాంసం ఉడికించి కొంచెం కొంచెంగా పెట్టమన్నాడు.

మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. మామగారు తల పట్టుకు కూర్చుంటే, వెనక గోడ అవతలుండే ఎస్తేరక్క "నేనున్న కద బాపు, పరేషాన్ గాకు" అంది. మిరప తోటల్లో కూలికి పోయే మనిషి. సాయంత్రం ఇల్లు చేరి, చేతులకు నూనె రాసి, సబ్బుతో మూడుసార్లు కడుక్కొని, అప్పుడు మాంసం ముట్టేది. ఉడికించి, సన్నగా తుంచి, ఆ స్టీలు గిన్నెలో పెట్టి గోడ మీదుగా నాకందించేది.

మొదటిరోజు మూత తీశాను. ఆ వాసనకు మొహం పక్కకు తిప్పుకున్నాను. ముక్కు మూసుకొని పెట్టొచ్చు కదా? పెట్టొచ్చు. పెట్టలేదు. మోరీలో పారబోసి, చింతపండుతో గిన్నె తోమి, పాలన్నం కలిపాను. డాక్టరిచ్చిన పొడి కూడా అందులోనే వేశాను. పసిపిల్లలకు పట్టే పాలు పిల్లికి విషమవుతాయా, ఆ డాక్టరుకేం తెలుసు అనుకున్నాను. బుడ్డి ఆబగా నాకింది. తెల్లారేసరికి మళ్లీ కక్కింది. మర్నాడూ గిన్నె వచ్చింది. మర్నాడూ మోరీలోకే పోయింది. మంచిగ తిన్నదా అని ఎస్తేరక్క అడిగినప్పుడల్లా తిన్నదనే చెప్పాను. పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందట. మా ఇంట్లో కళ్లు మూసుకున్నది పిల్లి కాదు. అట్లా అయిదు రోజులు గడిచాయి.

అది చిక్కి సగమవుతుంటే నాకు తెలియలేదా? తెలిసింది. నాలుగోరోజు వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు తగిలాయి. అప్పుడైనా ఆపాల్సింది. ఇప్పుడు మాంసం తిని కోలుకుంటే, మరి ఇన్నాళ్లూ ఏం పెట్టావని అడుగుతారేమోనని భయపడ్డాను. ఎవరడుగుతారు? ఎవరూ అడగరు. అయినా భయమే. దాని ప్రాణం కంటే నా పరువే నాకు ముద్దయింది.

ఆరోరోజు పొద్దున బస్తాల వెనక బిగుసుకుపోయి కనిపించింది. మామగారు దాన్ని ఒళ్లో పెట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చారు. "మాంసం పడనట్టుంది దానికి" అన్నారు, ఎవరి వైపూ చూడకుండా. అప్పుడే పరుగెత్తుకొచ్చిన ఎస్తేరక్క ఆ మాట వింది. నన్ను పక్కకు పిలిచింది.

"చెల్లే, మిరపకాయలు ఏరిన చేతులాయె. మంచిగనే కడుక్కున్న. గా కారమే తాకిందంటవా?"

ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది కూడా.

"ఏమో అక్కా, నాకేం ఎరుక" అన్నాను.

ఆమె రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "నా చేతులు పడిపోను! నోరులేని జీవిని చంపుకుంటి" అని నెత్తి కొట్టుకుంది.

మామగారు రెండేళ్లకు పోయారు. ఆ రెండేళ్లూ ఆయన ఎస్తేరక్కతో మునుపటిలా మాట్లాడలేదు. తర్వాత ఆమె భూపాలపల్లి వైపు, రేగొండలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మొన్న అటు పెళ్లికి పోయినప్పుడు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను, ఒట్టు. నన్ను చూసి ఎంత సంబరపడిందో! చాయ్ పోసింది. ఇంతలో మనవరాలు ఒక పిల్లికూనను ఎత్తుకొచ్చి, దీనికి జర అన్నం పెట్టమంది. ఎస్తేరక్క చేతులు కొంగులో దాచుకుంది.

"నువ్వే పెట్టు బిడ్డా. నా చెయ్యి మంచిది కాదు."

చాయ్ తాగి, వస్తానక్కా అని లేచి వచ్చేశాను.

మీకు చెబితే ఆమెకు చెప్పినట్టు కాదని తెలుసు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. కానీ ఇన్నేళ్లుగా దాచిన మాటను ఒక్కసారి కాగితం మీదైనా పెట్టనివ్వండి.

అక్కా, నీ గిన్నెలోది బుడ్డి ఒక్క ముక్క కూడా తినలేదు. నేను తిననిస్తే బతికేదేమో.