గడప దుంగకు బొట్టు

సెలవు పెట్టుకుని మరీ అడవిలో దుంగలు మోయడానికి వెళ్ళిన మొగుడూ పెళ్ళాలు శాన్ రామన్ మొత్తం మీద మేమిద్దరమే అయ్యుంటాం. మా వీధిలో వాళ్ళంతా సమ్మర్ వస్తే హవాయి వెళ్తారు, లేదంటే ఇండియా వెళ్తారు. మా ఆయన మాత్రం ఒక వాలంటీర్ క్రూలో మా ఇద్దరి పేర్లూ ఇచ్చేసి, ఆ తర్వాత తీరిగ్గా నాకు చెప్పాడు.

"వారం రోజులే. నీకు గూడ మంచిగుంటది," అన్నాడు. ఆయనది వరంగల్, నాది తెనాలి. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా ఆయన మాట నాకు అంటలేదు, నా మాట ఆయనకు అంటలేదు. తగువులకు మాత్రం ఎప్పుడూ భాష అడ్డం రాలేదు.

"గ్యారేజీ సర్దమంటే నడుం పట్టేసిందంటారు. దుంగలు మోయడానికి ఒప్పుకుందా మీ నడుం?"

"అది వేరే మజిల్."

ఈయన శాంటా క్లారాలో పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. షుగర్ బోర్డర్‌లో ఉంది, రోజూ కాస్త నడవమని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ ఉద్దేశం ఇంటి పక్క పార్కు. ఈయనకు మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా కొండల మీదుగా పోయే కాలిబాట అని వినపడింది. వీకెండ్ వస్తే చాలు, ఆ బాటలో ఏదో ఒక ముక్క నడిచి రావడం, వచ్చి సోఫాలో పడి కాళ్ళు పట్టమనడం. అలా నడుస్తూ ఒకసారి మంచులో ఇరుక్కుని, దారి పక్కనున్న షెల్టర్‌లో తల దాచుకున్నాడట. ఆ షెల్టర్‌నే ఇప్పుడు విప్పి వేరే చోట కడుతున్నారు. "అది నా ప్రాణం కాపాడింది," అంటాడు. ఇరవై ఏళ్ళుగా వండి పెడుతున్నదాని సంగతి ఎప్పుడైనా ఇంత భక్తిగా చెప్పాడా? లేదు. ఒళ్ళు మండింది గానీ వెళ్ళాను. ఆయన్ని ఒక్కణ్ణే పంపితే సన్‌స్క్రీన్ కూడా రాసుకోడు.

షెల్టర్ అంటే పెద్ద భవనమేం కాదు. దుంగలు పేర్చిన మూడు గోడలు, పైన రేకు. ముందు వైపు తలుపు లేదు, గోడ లేదు. నేల మీద అడ్డంగా ఒక లావాటి దుంగ, అంతే. నడిచి వచ్చినవాళ్ళు దాని మీద కూర్చుని బూట్లు విప్పుకుని లోపలికి పోతారు. పక్కనున్న వాగు ఏటేటా గట్టు కోసుకుంటూ వచ్చి, ఇప్పుడు వెనక గోడ కాళ్ళ దగ్గరే పారుతోంది. అందుకని మొత్తం విప్పి, గట్టి దుంగల్ని పైనున్న చదునులోకి లాక్కెళ్ళి మళ్ళీ నిలబెట్టాలి. ఆ అడవిలో మోటారు రంపాలు వాడనివ్వరు. అంతా చేతి రంపాలు, తాళ్ళు, మనుషుల నడుములు. సామాన్లు మాత్రం కంచర గాడిదలు మోసుకొచ్చాయి. వాటికి నా కంటే మర్యాద జరిగింది, వేళకి దాణా, మధ్యాహ్నం విశ్రాంతి.

క్రూలో మేం తప్ప అందరూ రిటైరైన అమెరికన్లే. వాళ్ళకి నాయకుడు ఎనభైకి దగ్గర పడిన పెద్దాయన. బక్కపలచని మనిషి, కాస్త కుంటుతూ నడుస్తాడు, మాట తక్కువ. షెల్టర్ విప్పి దుంగలన్నీ గడ్డి మీద వరసగా పరిచాక, ఆయన సుత్తి పుచ్చుకుని ఒక్కో దుంగనీ తట్టి, తల వంచి చప్పుడు వినేవాడు. మంచిదైతే కొసన నీలం గీత గీసేవాడు. లోపల పుచ్చిపోయిందైతే ఎర్ర క్రేయాన్‌తో గుండ్రంగా చుక్క. ఎర్ర చుక్క పడినవాటిని ముక్కలు కోసి చెట్ల మధ్య చల్లేయాలి, కుప్ప పెట్టకూడదు. ఇదీ రూలు. మా ఆయనకి రూలంటే ప్రాణం. "ప్రాసెస్ ఎంత క్లీన్‌గ ఉందో చూడు," అని నాకు చెప్పాడు, తనే కనిపెట్టినట్టు.

ఎలుగుబంట్ల భయం కొద్దీ వాసన వచ్చేదేదైనా మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, టెంట్లకు దూరంగా ఉంచాలి. టూత్‌పేస్టు దగ్గర్నుంచి నేను తెచ్చుకున్న కందిపొడి, వంట పసుపు దాకా అన్నీ అందులోకే పోయాయి. దాని మూత ఎలుగుబంటికే కాదు, నాకూ రాదు. ఇంత అన్నంలో కాస్త పొడి కలుపుకోవాలన్నా మా ఆయన్ని బతిమాలాలి. ఎందుకు చెబుతున్నానంటే, ఆ మూత సులువుగా వచ్చి ఉంటే ఈ గొడవే జరిగేది కాదు.

గురువారం సాయంత్రం భోజనాల దగ్గర పెద్దాయన పక్కన కూర్చున్నాను. మా ఆయన వాగు దగ్గర నీళ్ళు వడపోసే పంపుతో కుస్తీ పడుతున్నాడు. దుంగల వరసలో ఒకదాని మీద నీలం గీత గానీ ఎర్ర చుక్క గానీ లేవు. ఎందుకని అడిగాను.

"అది ముందు వైపు దుంగ," అన్నాడాయన. "ఈ షెల్టర్ కట్టిన క్రూలో నేనూ ఉన్నాను. మాకు అప్పుడే పెళ్ళయింది. ఆ దుంగ నేనూ నా భార్యా కలిసి కోశాం."

భార్య పోయి కొన్నేళ్ళయిందట. ఏటా వేసవిలో ఒకసారి నడిచి వచ్చి ఆ దుంగ మీద కూర్చుని వెళ్తాడట. మోకాళ్ళు అరిగిపోయాయి, వచ్చే ఏడు ఇక ఈ కొండ ఎక్కలేడు.

"కొత్త షెల్టర్‌కి కూడా ముందు అదే పడాలి. అది చూసి దిగిపోతాను. ఇంకేం అక్కర్లేదు నాకు," అన్నాడు.

గీతా చుక్కా ఎందుకు లేవో నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. అందరికీ తెలిసిన దుంగ, దానికి గుర్తు దేనికిలే అనుకున్నాను.

మర్నాడు శుక్రవారం. ఇంట్లో ఉంటే ఆ పాటికి గడప కడిగి, పసుపు రాసి బొట్లు పెట్టేదాన్ని. మొహం కడుక్కుని వస్తూ ఆ దుంగ వంక చూశాను. తలుపున్నా లేకపోయినా గడప గడపే. ఇన్నేళ్ళూ ఎంతమందిని లోపలికి రానిచ్చిందో. పైగా ఇవాళ కొత్త చోటికి వెళ్తోంది. ఇలా బోసిగా ఎలా పంపుతాం? పసుపేమో ఎలుగుబంటి డబ్బాలో ఉంది, మూత తీసే మహానుభావుడు గుర్రు పెడుతున్నాడు. సరేలెమ్మని కుంకుమ భరిణె తీసి, తడి వేలితో ఆ కొసా ఈ కొసా చక్కగా గుండ్రంగా బొట్లు పెట్టి, దండం పెట్టుకున్నాను. పసుపు లేని లోటు కనపడకూడదని కాస్త పెద్దవే పెట్టాను.

తర్వాత పెద్దాయనా నేనూ ఇంకొందరూ పునాది రాళ్ళు సర్దడానికి పై చదునులోకి వెళ్ళాం. మా ఆయన్నీ ఇంకొకాయన్నీ పుచ్చు దుంగలు కోయమని కింద వదిలాం. రాళ్ళన్నీ మట్టానికి వచ్చాక పెద్దాయన లేచి, చేతులు దులుపుకుని, "ఇక మొదటి దుంగ తెద్దాం," అన్నాడు. తాళ్ళు భుజాన వేసుకుని అందరం దిగాం. నేను ముందు నడుస్తున్నాను, పెళ్ళివారిని తీసుకొస్తున్నంత హడావుడిగా.

కింద మా ఆయన చెమట తుడుచుకుంటూ, ఛాతీ విరుచుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర లావాటి దుంగ ముక్కలు. ఒక ముక్క కొసన నా బొట్టు.

భుజాన తాడు అక్కడే పడేసి పరిగెత్తాను.

"ఏవండీ! ఏం చేశారండీ!"

"ఏం చేసిన? రెడ్ డాట్ ఉన్నది, కోసిన. అన్నిట్ల ఇదే లావుది తెలుసా? చేతులు పడిపోయినయ్."

"అది రెడ్ డాట్ కాదు, బొట్టు! బొట్టుకీ క్రేయాన్‌కీ తేడా తెలీదా? మన పెళ్ళి నాటి నుంచి రోజూ నా మొహాన చూస్తూనే ఉన్నారుగా!"

ఆయన వంగి, ఆ చుక్కని వేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం పాలిపోయింది. "కుంకుమ," అన్నాడు మెల్లగా. అంతలోనే మళ్ళీ గొంతు లేచింది. "పసుపు రాస్తే తెలుస్తుండె కదనే! ఉత్త కుంకుమ చూసి గడప అని ఎవడనుకుంటడు? అడివిల, దుంగ మీద!"

"పసుపు డబ్బాలో ఉంది! డబ్బా మూత మీకే వస్తుంది! మీరు పడుకున్నారు!"

"లేపాలె మరి!"

"లేపితే లేస్తారా మీరు?"

చుట్టూ ఆ అమెరికన్లు తాళ్ళు పట్టుకుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నారు. నాకు అప్పుడు గుర్తొచ్చాడు పెద్దాయన. తలెత్తి చూడ్డానికి ధైర్యం చాలలేదు. ఇంగ్లీషులో ఏదేదో చెప్పాను. ఎర్ర చుక్క నాదే, మా ఇళ్ళల్లో గడపకి గౌరవం కొద్దీ పెడతాం, పుచ్చిందని కాదు, క్షమించండి. చెబుతుంటే ఏడుపు ఆగలేదు.

పెద్దాయన కుంటుతూ వచ్చి, కోసిన ముక్క దగ్గర కష్టం మీద మోకాళ్ళ మీద కూర్చుని, లోపలికి చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా పోయింది. చేతిలోకి కాఫీ పొడి లాంటి గోధుమరంగు పొడి వచ్చింది, దానితో పాటు చీమలు. పైన బెరడు కింద కాస్త మందం మాత్రమే చెక్క, లోపలంతా డొల్ల.

"చూసినవా, నేను కోసింది కరెక్టే," అని మా ఆయన నా చెవిలో అన్నాడు. నేను చూసిన చూపుకి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకు తెలుసు," అన్నాడు పెద్దాయన, ఆ పొడినే చూస్తూ. "రెండేళ్ళుగా తెలుసు. ఎవరైనా దాని మీద అడుగు వేస్తే కూలుతుంది. ఈ వారమంతా రోజూ క్రేయాన్ తీసుకుని దాని దగ్గరికి వెళ్ళేవాణ్ణి. చెయ్యి రాలేదు." నా వైపు తిరిగాడు. "దాన్ని పెట్టకూడదని తెలిసి కూడా, పైకి మోయించడానికే వచ్చాను ఇప్పుడు. నువ్వు నన్ను ఆపావు."

నేనెక్కడ ఆపానండీ, దండం పెట్టుకున్నానంతే అందామనుకున్నాను.

ఆయన లేచి, మా ఇద్దర్నీ రమ్మని సైగ చేశాడు. ఏడాది కిందట గాలికి పడిన ఒక ఫర్ చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి, సుత్తితో తట్టి విని, తల ఊపాడు. చెరో కొసా పట్టుకునే పొడవాటి రంపం మా చేతికిచ్చాడు. "మీరే కోయండి. లాగాలి, అంతే. తోయకూడదు. అవతలివాళ్ళు లాగుతుంటే వదులుగా వెళ్ళనివ్వాలి."

మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఎవర్నీ వదులుగా వెళ్ళనిచ్చింది లేదు. రంపం నాలుగు సార్లు కదిలి బిగుసుకుంది.

"మీరు తోస్తున్నారు!"

"నేనేడ తోస్తున్న? నువ్వే బిగబట్టినవ్!"

"రంపం మొద్దుదైతే నన్నంటారా? మెల్లగా లాగండి, ఆఫీసులో మౌస్ అనుకున్నారా అది!"

"నోరు జర తగ్గించి చేతులు ఆడియ్యి!"

పెద్దాయన ఎదురుగా ఒక మోడు మీద కూర్చుని, టోపీ మొహమ్మీదికి లాక్కున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడనుకున్నాను, నవ్వడా మరి, మా సంబడం అలాగే ఉంది. కాసేపటికి తెలిసింది, అది నవ్వు కాదు. నేను రంపం వదిలేసి, సారీ అన్నాను.

ఆయన టోపీ తీయకుండానే చెయ్యి ఊపాడు. "ఆపకు. ఆ దుంగ కోసిన రోజంతా ఆమె నన్ను ఇలాగే తిట్టింది. ఏమని తిట్టిందో ఒక్క మాటా గుర్తు లేదు. ఇలాగే ఉండేది వినడానికి. కానివ్వు, మీ భాషలోనే కానివ్వు."

మళ్ళీ రంపం పట్టుకున్నాను. అప్పటికి మా ఆయన చేతికి పని పట్టుబడింది. బుద్ధిగా లాగుతున్నాడు, బుద్ధిగా వదులుతున్నాడు, తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అయినా లేని తప్పులు వెతికి, వాళ్ళ మేనత్తల దాకా వెళ్ళి, దుంగ తెగేదాకా గొంతెత్తి తిడుతూనే ఉన్నాను. మా ఆయన కూడా తగ్గకుండా మాటకు మాట అందించాడు.