అవతలి కొస పట్టుకున్నదెవరు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో, తర్వాత ఎటు పోయిందో ఇప్పటికీ అర్థం కాదు. కొత్త రాష్ట్రం వచ్చిన కొద్దికాలానికి, జడ్చర్లలో మా అబ్బా, అంటే నాన్న, నడిపే టైర్ల దుకాణం పైగదిలో కూర్చుని కంప్యూటరు చదువు ముగించిన నాకు, లోకంలో మిషన్లన్నీ నేను వచ్చి బాగుచేయాలనే పాడవుతున్నాయనిపించేది. మాకు పాఠం చెప్పిన సారు ఒక మాట అనేవారు: "తప్పు దొర్కక ముందే మిషన్ బందు జేసి మళ్ల చాలు జేసేటోడు మెకానిక్ గాదు, వాచ్‌మన్." ఆ మాటను తాయెత్తులా కట్టుకుని పోచంపల్లిలో ఒక చేనేత సంఘంలో ఉద్యోగానికి చేరాను. పాత కాగితాల మీది చీరల నమూనాలను కంప్యూటరులోకి ఎక్కించడం, కొత్తవి గడులు గడులుగా గీయడం నా పని. ఉన్నది ఒకటే కంప్యూటరు, అందులో లైనక్స్. దాన్ని గురించి సంఘంలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు కాబట్టి నా గొప్పకు అడ్డులేకుండా పోయింది.

అక్కడ చిటికి పెద్దమ్మ ఉండేది. రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టడాన్ని అక్కడ చిటికి కట్టడం అంటారు. నలభై ఏళ్లుగా ఆమె ఇతరులు గీసిన బొమ్మలకే ముడులు కట్టింది. ఆ ఏడు మొదటిసారి తన సొంత నమూనా ఒకటి తెచ్చింది. సీతాఫలం. పండిన కాయ కన్ను తెరిచినప్పుడు గడుల మధ్య కనిపించే ఆ లేత గీత చీరంతా పరుచుకోవాలని ఆమె కోరిక. ఇరవై రోజులు నా పక్కన స్టూలు మీద కూర్చుని, "గీడ జర సన్నగ, బిడ్డా" అని వేలు పెట్టి చూపిస్తుంటే నేను గడి గడిగా నింపాను. ఏడాదికొకసారి కొత్త నమూనాలు ఎంపికకు హైదరాబాదు పోతాయి. సంఘం జీపు ఆ రోజు సాయంత్రం నాలుగింటికి బయలుదేరుతుంది. "వచ్చే యేడు సూద్దమంటే నా కండ్లు ఆగవు. ఇప్పటికే మసకలు బడుతున్నయ్" అందామె, ఎవరి సంగతో చెబుతున్నట్టుగా.

మధ్యాహ్నం రెండింటికి చివరి గడి నింపి, దాచమని నొక్కాను. డిస్కులో చోటు లేదు అంది మిషన్. నేను నవ్వి మళ్లీ నొక్కాను. (అప్పట్లో మిషన్ చెప్పింది నమ్మకపోవడం నాకు అలవాటు.) రెండోసారి కూడా అదే మాట. అప్పుడు వెళ్లి చూస్తే, పాతదాని మీదే కొత్తది రాయబోయి, చోటు దొరక్క, ఫైలు సున్నా అయి కూర్చుంది. ఇరవై రోజుల సీతాఫలం ఇప్పుడు తెరమీద తప్ప ఎక్కడా లేదు. మిషన్ ఆగిందా, అదీ పోతుంది. నకలు ఒకటి తీసిపెట్టుకోవాలని కాలేజీలో నలుగురికి ఉపన్యాసమిచ్చిన నేను ఒక్క నకలూ తీయలేదు.

అధ్యక్షుడు, ఆయనా నేతపనివాడే, వెనక నిలబడి చూశాడు. "పాత డిజైన్లు రొండు తీసెయ్యరాదమ్మా, జాగా అయితది" అన్నాడు. నా వేలు అటు పోయేలోపే పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. "గది మా మామ గీసిన బొమ్మ. దాని ఎన్కది మా ఆడిబిడ్డ పెనిమిటిది. మనుసులు పోయిన్రు, బొమ్మలన్న ఉండనీ. నా దాని కోసం వాళ్లది తీసెయ్యొద్దు." ఆ ఊళ్లో నమూనా కాగితం చిరిగినా అతికిస్తారు గానీ పారేయరు. అధ్యక్షుడు తల దించుకున్నాడు. అప్పుడు నాలో మా అబ్బా మొండితనం లేచింది. ఒక్క బొమ్మా తీయను, మిషన్ ఆపను, చోటు మాత్రం తెస్తాను అన్నాను.

ముందు నా పాటలు తీసేశాను. (సంఘం కంప్యూటరులో నా పాటలెందుకున్నాయని ఆయన అడగలేదు, మర్యాదస్తుడు.) చోటు వచ్చింది. సంబరంగా దాచబోయేసరికి మళ్లీ సున్నా. ఎవరో గుటుక్కున మింగినట్టు పోయింది. అప్పుడు పెద్ద ఫైళ్లెక్కడున్నాయో వెతికితే, మిషన్ తన లెక్కలు రాసుకునే చిట్టాల అరలో ఒక్క అక్షరం పేరుతో ఒకటి, డిస్కులో సగం అదే ఆక్రమించి ఉంది. లోపలేముందో కూడా చూడకుండా తీసేశాను. అయినా చోటు రాలేదు. ఫైళ్లన్నీ కూడితే సగమే ఉన్నాయి, డిస్కు మాత్రం నిండుగా ఉన్నానంటోంది. రెండూ నిజమెలా అవుతాయి? మూడున్నర దాటింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కింద బ్యాటరీ పెట్టె కుయ్యి కుయ్యిమని అరవడం మొదలుపెట్టింది. అది ఇరవై నిమిషాలకు మించి ఆగదని నాకు తెలుసు. ఫ్యాను లేని గదిలో చెమటలు కారుతూ నేను అవే ఆదేశాలు మళ్లీ మళ్లీ కొట్టాను. ఏడుపొస్తోంది గానీ, ఏడిస్తే తెర కనపడదని ఆపుకున్నాను.

"ఏమాయె బిడ్డా?" అంది పెద్దమ్మ.

"తీసేసిన పెద్దమ్మా. తీసేసినా పోతలేదు."

పొద్దున్నే వీధిలో పడుగు నూలు బారుగా సాగదీసేటప్పుడు రెండు కొసలా మనుషులుంటారు. ఆమెకు తెలిసిన లెక్క అది. "అవుతలి కొస ఎవరో పట్టుకోనున్నరు. వాళ్లు ఇడువకుంటే ఇవుతల నువ్వెంత తీసినా గది వస్తదా? పట్టుకున్నోళ్లెవరో సూడు ముందుగాల."

నా చేతులు ఆగిపోయాయి. సారు చెప్పిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది: ఒక ఫైలును ఏదైనా ప్రోగ్రాం తెరిచి పట్టుకుని ఉంటే, మనం తీసేసినా పేరు పోతుంది గానీ చోటు తిరిగి రాదు. ఎవరు పట్టుకున్నారో చూపే ఆదేశం కొట్టాను. ఒకే ఒక్క ప్రోగ్రాం కనిపించింది. దాని పక్కన, అది ఎవరిదో తెలిపే చోట, నా పేరు.

సంగతేమిటంటే, అధ్యక్షుడు రోజూ పొద్దున వచ్చి "మిషన్ మంచిగున్నదా అమ్మా?" అని అడిగేవాడు. ఆయన మెప్పు కోసం ఆ పొద్దునే ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. మిషన్‌ను కనిపెట్టుకుని ఉండి, నిమిషానికోసారి 'అంతా బాగుంది' అని చిట్టాల అరలో ఒక ఫైలులో రాయాలి. రాశాక నిమిషం ఆగు అని చెప్పడం మాత్రం మరిచాను. అది పాపం పొద్దున పదింటి నుంచి ఊపిరి తీసుకోకుండా, అంతా బాగుంది, అంతా బాగుంది అని డిస్కు నిండేదాకా రాసింది. నిండాక కూడా, నేను చోటు తెచ్చినప్పుడల్లా ఆ చోటులోనూ అదే రాసింది.

"దొర్కిన్రా? ఎవరు బిడ్డా పట్టుకున్నది?"

అబద్ధమాడదామనుకున్నాను. ఆమె మసక కళ్లతో నా ముఖంలోకే చూస్తోంది. "నేనే, పెద్దమ్మా."

"మరి ఇడ్సిపెట్టు."

ప్రోగ్రాంను ఆపాను. డిస్కులో సగం ఒక్కసారిగా ఖాళీ అయింది. సీతాఫలాన్ని దాచి, సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి నకలు ఎక్కించి, అప్పటికే స్టార్టు చేసిన జీపు దాకా చెప్పుల్లేకుండా పరుగెత్తి, అందులో కూర్చున్న అధ్యక్షుడి చేతిలో పెట్టాను. తిరిగి వచ్చేసరికి బ్యాటరీ చచ్చిపోయి తెర నల్లగా ఉంది. ఏం తప్పు జరిగిందని మర్నాడు ఆయన అడిగితే నేను నోరు తెరవకముందే పెద్దమ్మ అందుకుంది: "దారం చిక్కువడ్డది, బిడ్డ ఇప్పింది." ఆ ఏడు ఎంపికలో సీతాఫలం నెగ్గింది. మొదటి చీరకు చిటికి ఆమే కట్టింది.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక గదినిండా కంప్యూటర్లు చూసుకుంటున్నాను. ఈ కథను కొత్తవాళ్లకు పాఠంగా, కాస్త నన్ను నేను పొగుడుకుంటూ చెబుతుంటాను. మొన్న టీ వేళ ఒకమ్మాయి అంతా విని మెల్లగా అడిగింది: "మేడం, పెన్‌డ్రైవ్ మీ సంచిలనే ఉండె గద. రెండింటికే బొమ్మను సీదా దాంట్లకే దాస్తే అయిపోతుండె గద?"

ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. టీ తాగుతున్నవాళ్లందరూ కప్పుల్లోకి చూస్తూ నవ్వు దాచుకున్నారు. ఆ సాయంత్రం పెద్దమ్మకు ఫోను చేసి, అంత అవస్థ అక్కర్లేకుండా పోయేదని ఒప్పుకున్నాను.

"బొమ్మయితే పోలే గద?" అందామె.

"పోలే."

"మరి ఇడ్సిపెట్టు బిడ్డా."

సరేనన్నాను. కానీ ఇంకా పూర్తిగా విడిచిపెట్టలేదు. చెప్పుల్లేకుండా జీపు దాకా పరుగెత్తిన ఆ మొండిపిల్ల కొసను అప్పుడప్పుడు ఇలా పట్టుకుని చూసుకుంటూనే ఉంటాను.